జపాన్‌లో అక్కతో ఆఖరి వారం

లాంగ్ ట్రిప్పుల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా మొదలయ్యే రోజుల గురించే రాస్తారు, వీసా ఎలా వచ్చింది, టికెట్లు ఎప్పుడు కొన్నారు, ఏ ఊరు ముందు ఏ ఊరు తర్వాత, ఇలాంటివి. అయిపోయే రోజుల గురించి రాసింది నాకు పెద్దగా కనపడలేదు. నాకేమో ఈ ట్రిప్ మొత్తంలో బాగా గుర్తుండిపోయింది ఆఖరి వారమే, అందుకని అదొక్కటే రోజువారీగా రాస్తున్నా.

ముందు కొంచెం చెప్పాలి. అక్కా నేనూ సెప్టెంబర్ మధ్యలో హొక్కైదోలో దిగాం. మనవాళ్ళకి ఇచ్చే టూరిస్ట్ ఈ-వీసా మీద 90 రోజుల వరకూ ఉండొచ్చు, దాన్ని దాదాపు పూర్తిగా వాడుకోవాలనే అనుకున్నాం. జపాన్‌లో ఆకులు రంగు మారడం ఉత్తరాన మొదలై మెల్లగా దక్షిణానికి దిగుతుంది. హొక్కైదోలో అసాహిదాకే కొండ మీద సెప్టెంబర్‌లోనే ఎర్రబడితే క్యోటోలో నవంబర్ చివరికి గానీ ఎర్రబడవు. మేం ఆ రంగుతో పాటే దిగుతూ వచ్చాం, సముద్రం కిందనుంచి వెళ్ళే దాదాపు 54 కిలోమీటర్ల సేకాన్ టన్నెల్ దాటి అఓమోరి, తర్వాత నిక్కో, మత్సుమోతో, కనజావా. ఆలోచన అక్కదే. అమ్మ మంచాన పడ్డ ఏళ్ళన్నీ తనే చూసుకుంది, నేను ఉద్యోగం పేరుతో వేరే దేశంలో ఉన్నా. పోయిన ఏడాది అమ్మ పోయాక, "ఏరా, ఎక్కడికైనా పోదామా, తొందరగా తిరిగి రానవసరం లేని చోటికి" అని అడిగింది. తను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు.

సోమవారం

పొద్దున్నే కనజావాలో కెన్రోకుఎన్ గార్డెన్ ఇంకోసారి చూసొచ్చాం. ఏటా నవంబర్ 1 నుంచి అక్కడ పైన్ చెట్లకి తాళ్ళు కట్టడం మొదలుపెడతారు, యుకిజురి అంటారు. చెట్టు పక్కన పొడుగాటి గుంజ నిలబెట్టి దాని కొస నుంచి ఒక్కో కొమ్మకీ ఒక్కో తాడు దించి కడతారు, తడి మంచు పేరుకున్నప్పుడు ఆ బరువుకి కొమ్మలు విరిగిపోకుండా. చెట్టు చుట్టూ తాళ్ళన్నీ గొడుగు ఊచల్లాగా పరుచుకుని ఉంటాయి. మంచు ఇంకా పడలేదు, అయినా చెట్లు రెడీగా ఉన్నాయి. అక్క చాలాసేపు చూసి, "ఇక్కడ చలికాలం వచ్చేసింది రా, ఇంక మనం బయల్దేరాలి" అంది. ఆ మాట ఆ ఊరి గురించే అనుకున్నా అప్పటికి.

హొకురికు షిన్‌కాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు లైన్‌ని 2024 మార్చిలో త్సురుగా దాకా పొడిగించారు, ఇప్పుడు కనజావా నుంచి క్యోటో వెళ్ళాలంటే త్సురుగాలో దిగి థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్‌కి మారాలి. షిన్‌కాన్‌సెన్ పై అంతస్తులో ఆగుతుంది, థండర్‌బర్డ్ కింద ఉంటుంది, మధ్యలో ఉండే టైమ్ కొన్ని నిమిషాలే, పెద్ద సూట్‌కేసులు ఉన్నవాళ్ళు రైలు ఆగకముందే తలుపు దగ్గరికి వెళ్ళిపోవడం మంచిది. ఎక్కాక ఎడమ పక్క కూర్చుంటే బివా సరస్సు కనిపిస్తుంది.

సరస్సు పక్కన రైలు పోతుండగా అక్క సూట్‌కేసు తెరిచి అడుగున గుడ్డలో చుట్టి పెట్టిన ఇంటి తాళాలు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. ఇంకా వారం ఉంది. నేనేమీ అనలేదు గానీ నాకు అర్థమైంది, అక్క ట్రిప్ ఆ క్షణంలో అయిపోయింది. నాది అవలేదు, నా ఫోన్‌లో క్యోటోలో చూడాల్సిన వాటి లిస్ట్ ఇంకా పెరుగుతూనే ఉంది. ఇద్దరం కలిసి బయల్దేరాం, ఒకే గదుల్లో పడుకున్నాం, ఒకే రైళ్ళెక్కాం, అయినా ట్రిప్ ఇద్దరికీ ఒకే రోజు అయిపోదని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ వారమంతా నాకు అదే నడిచింది మనసులో.

మంగళవారం

సంజుసంగెన్‌దో. క్యోటోలో ఒక్కటే గుడి చూసే టైమ్ ఉందంటే నేను దీనికే పంపిస్తా ఎవర్నైనా, బంగారు గుడి కన్నా ముందు.

పొడుగు దాదాపు 120 మీటర్లు, అంతా చెక్క, ముందువైపు స్తంభాల మధ్య 33 ఖాళీలు. లోపల 1001 కన్నోన్ విగ్రహాలు, కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడే. మధ్యలో కూర్చున్న పెద్ద విగ్రహం తంకెయ్ అనే శిల్పి 1254లో పూర్తి చేసింది, అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. దానికి అటు 500, ఇటు 500 నిలబడి ఉంటాయి, మనిషంత ఎత్తున, బంగారు రేకు అంటించిన చెక్క విగ్రహాలు. 1249లో గుడి తగలబడినప్పుడు పాతవాటిలో 124 మాత్రం బయటికి తేగలిగారు, మిగతావన్నీ మళ్ళీ చెక్కారు, ఇప్పుడున్న హాల్ 1266ది. వాటి ముందు వరసలో కాపలాగా 28 మంది దేవతలు, వాళ్ళని చూస్తే మనకి ఒళ్ళు ఝల్లుమంటుంది ఎందుకంటే అందరూ మనకి తెలిసినవాళ్ళే. ఇంద్రుడు, బ్రహ్మ, వేణువు ఊదుతున్న గరుత్మంతుడు, ఎముకలు తేలిన ముసలి వసు మహర్షి. ఒక చివర గాలి మూట భుజాన వేసుకున్న వాయుదేవుడు, ఇంకో చివర చుట్టూ డప్పులతో ఉరుముల దేవుడు. ఇండియా నుంచి మధ్య ఆసియా, చైనా, కొరియా మీదుగా ఇక్కడిదాకా వచ్చేసరికి బట్టలు మారాయి, పేర్లు పలికే తీరు మారింది, మనుషులు మాత్రం గుర్తుపట్టేలాగే ఉన్నారు.

నేను అక్కకి ఇవన్నీ చెప్పుకుంటూ పోతున్నా, వెనక వరండాలో బాణాల పోటీ జరిగేదని, 1686లో వాసా దైహచిరో అనే కుర్రాడు ఒక పగలూ రాత్రీ కలిపి 13,053 బాణాలు వేస్తే 8,133 ఆ చివరికి చేరాయని. తను వినట్లేదు. ఒక్కో మొహం చూసుకుంటూ మెల్లగా నడుస్తోంది. ఆ వెయ్యి మొహాల్లో ఏ రెండూ ఒకలా ఉండవు, మనం కలవాలనుకునే మనిషి మొహం అందులో తప్పకుండా దొరుకుతుందని అక్కడ అంటారు, ఆ సంగతి పొద్దున బస్‌లో నేనే చెప్పా. లోపల ఫోటోలు తీయనివ్వరు, అందుకని ఎవరి చేతుల్లోనూ ఫోన్లు లేవు, అందరూ నిజంగా చూస్తున్నారు. కుడి చివర దగ్గర అక్క ఒకచోట ఆగిపోయింది. చాలాసేపు. నేను దగ్గరికి వెళ్ళి ఏ వరస అని అడిగితే "నీది నువ్వు వెతుక్కో" అని ముందుకి నడిచింది.

అమ్మ మొహం దొరికింది కాబోలు అనుకున్నా. నేనూ వెతికా, నాకు దొరకలేదు.

బుధవారం

ఈ రోజు విడిగా తిరిగాం. మొత్తం ట్రిప్‌లో అలా చేయడం చాలా తక్కువ. నాకు కురామా వెళ్ళాలనుంది, అక్కకి మోకాళ్ళు నొప్పులు, పైగా "నేను చూడాల్సినవి చూసేశాను రా, నువ్వు పోయిరా, నేను ఆ నది దగ్గర కూర్చుంటా" అంది. ముందు నాకు కష్టంగానే అనిపించింది, ఇంత దూరం వచ్చి ఒక రోజంతా కూర్చోవడమా అని. పోట్లాడలేదు. దెమాచియనాగి స్టేషన్ దగ్గర తనని దింపి నేను ఎయ్‌జాన్ రైలు ఎక్కా.

ఇచిహారా, నినొసే స్టేషన్ల మధ్య పట్టాలకి రెండు పక్కలా మేపుల్ చెట్లే, రైలు అక్కడికి రాగానే స్పీడ్ తగ్గిస్తారు, కొమ్మలు అద్దాలకి తగులుతాయేమో అన్నంత దగ్గరగా ఉంటాయి. కిరారా అని ఒక రైలుంది, దాంట్లో కొన్ని సీట్లు కిటికీ వైపుకి తిప్పి ఉంటాయి, అది దొరికేదాకా ఆగండి. కురామా స్టేషన్ బయట తెంగూ అనే పొడుగు ముక్కు కొండ భూతం తల ఒకటి పెద్దది. అక్కడినుంచి కొండ మీది గుడికి, గుడి వెనకనుంచి సీడర్ చెట్ల వేళ్ళు నేల మీదికి లేచి అల్లుకుపోయిన దారి మీదుగా కిబునేకి దిగడం, అంతా బాగుంది, నిజంగా బాగుంది, కానీ ప్రతి మలుపు దగ్గరా పక్కకి తిరిగి "అక్కా చూడు" అనబోయి ఆగిపోయా. వారాల తరబడి నా తెలుగంతా ఒక్క మనిషితోనే కదా. రైళ్ళలో గుసగుసగా, గుళ్ళలో మెల్లగా, హోటల్ గదుల్లో గట్టిగా. చుట్టూ ఎవరికీ అర్థం కాని భాషలో మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండటం ఎంత పెద్ద సంగతో ఆ కొండ దిగుతుంటే తెలిసింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అక్క అక్కడే ఉంది. కామో నదీ తకానో నదీ కలిసే చోట కోసుగా ఒక గట్టు ఉంటుంది, నది దాటడానికి అడుగులేసే రాళ్ళుంటాయి, కొన్ని తాబేలు ఆకారంలో. పొద్దున్నుంచీ చూసినవన్నీ వరసగా చెప్పింది. వంతెన కింద ఒకాయన ట్రంపెట్ ప్రాక్టీస్ చేశాడంట, ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ, మధ్యాహ్నానికి అక్కకి కూడా వచ్చేసింది, నాకు పాడి వినిపించింది కూడా. స్కూల్ వదిలాక పిల్లలొచ్చి తాబేళ్ళ మీద దూకుతుంటే ఒక పిల్లాడు మాత్రం చివరి రాయి దగ్గర భయపడి ఆగిపోయాడంట, మిగతావాళ్ళు వాణ్ణి తిట్టకుండా వెక్కిరించకుండా అవతలి గట్టున నిలబడి వాడు వచ్చేదాకా వెయిట్ చేశారంట. గద్ద ఒకటి ఎవరి చేతిలోదో బ్రెడ్ తన్నుకుపోయిందంట. నేను ఫోన్‌లో తీసిన ఫోటోలు చూపించా. తన రోజు నా రోజు కన్నా పెద్దదిగా ఉంది, ఇది ఊరికే అంటున్న మాట కాదు.

గురువారం

నారా వెళ్ళి తోదైజీ గుడిలో పెద్ద బుద్ధుణ్ణి చూశాం. ఎత్తు దాదాపు 15 మీటర్లు, కంచు. జింకల గురించి అందరూ రాస్తారు కాబట్టి వదిలేస్తున్నా.

నేను రాయాలనుకున్నది బోధిసేనుడి గురించి. భారతదేశం నుంచి చైనా వెళ్ళి, అక్కడినుంచి 736లో జపాన్ వచ్చిన భిక్షువు ఆయన. ఒంటరిగా రాలేదు, ఓడలో ఆయనతో పాటు చంపా రాజ్యం, అంటే ఇప్పటి వియత్నాం వైపు నుంచి వచ్చిన బుత్తెత్సు అనే భిక్షువూ, చైనా నుంచి దోసెన్ అనే ఆయనా ఉన్నారు. నానివాలో, అంటే ఇప్పటి ఒసాకాలో, వాళ్ళకి గ్యోకి అనే పెద్ద భిక్షువు ఎదురొచ్చి స్వాగతం చెప్పాడు. 752లో ఈ పెద్ద విగ్రహం కళ్ళు తెరిచే ఉత్సవం జరిగినప్పుడు కనుపాపలు దిద్దింది బోధిసేనుడే. ఆయన పట్టుకున్న కుంచెకి దాదాపు 200 మీటర్ల నీలం దారం ఒకటి కట్టారు, సింహాసనం వదిలేసిన షోము చక్రవర్తి, ఆయన భార్య కోమ్యో, రాజ్యం చేస్తున్న వాళ్ళ కూతురు కోకెన్, ఇంకా అక్కడ చేరినవాళ్ళు ఆ దారం పట్టుకుని నిలబడ్డారు. కళ్ళు గీసేది ఒక్క చెయ్యే అయినా పుణ్యం అందరికీ అందాలని.

ఆయన కళ్ళు దిద్దిన తల ఇప్పుడు లేదు. 1180లో ఒకసారి, 1567లో ఒకసారి యుద్ధాల్లో గుడి తగలబడింది, ఇప్పుడున్న తల 17వ శతాబ్దం చివర్లోది, హాల్ 1709ది. కానీ ఆ కుంచె ఉంది, ఆ దారం ఉంది. గుడి వెనక షోసోయిన్ అని చెక్క దుంగలతో కట్టిన పాత ఖజానా కొట్టు ఉంది, అందులో దాచిన వస్తువులివి. వాటిలో కొన్నిటిని ఏటా అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో నారా నేషనల్ మ్యూజియంలో చూపిస్తారు, మేం వెళ్ళేసరికి అది అయిపోయింది. షోసోయిన్‌ని బయటినుంచి చూడనిస్తారు, పనిరోజుల్లో. ఇద్దరం కంచె దగ్గర నిలబడి ఆ దుంగల గోడలని చూస్తూ ఉండిపోయాం. 

అక్క అడిగింది, "ఆయన మళ్ళీ ఇంటికి వెళ్ళాడా?"

"లేదు. 760లో ఇక్కడే పోయాడు."

"మరి ఆయన తన భాషలో ఎవరితో మాట్లాడేవాడు రా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ చంపా భిక్షువుతో మాట్లాడి ఉంటాడు అన్నా. చనిపోయేదాకా ఇరవై ఏళ్ళ పైన ఇక్కడే ఉన్నాడాయన. వచ్చిన దారిని చూసి గొప్ప అనుకుంటాం, రాసినవాళ్ళూ అదే రాశారు, ఆయన రోజూ పొద్దున లేచి ఎవరితో ఏం మాట్లాడేవాడో అన్నది నాకసలు తట్టలేదు. అక్కకి ముందు తట్టింది అదే.

శుక్రవారం

సూట్‌కేసులని క్యోటో హోటల్ కౌంటర్‌లో ఇచ్చి ఒసాకా హోటల్‌కి పంపించేశాం, తక్యూబిన్ అంటారు, మర్నాటికి చేరిపోతాయి. జపాన్‌లో కొండ ఊళ్ళకి వెళ్ళేముందు ఇది చేసుకుంటే సగం కష్టం పోతుంది, ముఖ్యంగా పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు. చిన్న బ్యాగులతో ఒసాకా నంబా నుంచి నన్‌కాయ్ రైలెక్కి గోకురకుబషి, అక్కడినుంచి కేబుల్ కార్ అయిదు నిమిషాలు, మళ్ళీ బస్. కోయసాన్ 800 మీటర్ల ఎత్తున కొండల మధ్య ఉన్న గుళ్ళ ఊరు, 816లో కూకై అనే భిక్షువుకి చక్రవర్తి ఇచ్చిన చోటు. యాభై దాకా గుళ్ళలో రాత్రి ఉండనిస్తారు.

ఇక్కడ ఆకులు ఎప్పుడో రాలిపోయాయి. ఉత్తరం నుంచి మేం వెంటపడి వచ్చిన రంగు ఈ కొండ మీద ముందే వచ్చి వెళ్ళిపోయింది. చలి గట్టిగా ఉంది, గడ్డి చాపలు పరిచిన తతామీ గదిలో ఒక హీటర్, కాళ్ళు పెట్టుకునే వెచ్చటి బల్ల. కుర్ర భిక్షువులు భోజనం గదికే తెచ్చారు, మాంసం చేప ఉల్లి వెల్లుల్లి ఏవీ ఉండవు, నువ్వులతో చేసే గోమాదోఫు, ఈ కొండ పేరుతోనే పిలిచే గడ్డకట్టించి ఎండబెట్టిన కోయాదోఫు. అక్క ఇన్ని రోజుల్లో ఎవరినీ ఇందులో ఏముంది అని అడగకుండా తిన్న భోజనం ఇదే.

రాత్రి కూకై కథ చెప్పా. 804లో ఓడెక్కి చైనా వెళ్ళాడు, 20 ఏళ్ళు అక్కడ చదువుకోవాలని ప్రభుత్వం రూల్. అప్పటి చైనా రాజధాని చాంగాన్‌లో ప్రజ్ఞ అనే భారతీయ భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు, హుయిగువో అనే గురువు తనకి తెలిసిందంతా కొద్ది నెలల్లోనే ఈయనకి ఇచ్చేసి 805 చివర్లో చనిపోయాడు. 806లో కూకై వెనక్కి వచ్చేశాడు, రెండేళ్ళకే. రూల్ తప్పినందుకు 809 దాకా రాజధానిలోకి రానివ్వలేదు.

"తప్పేముంది, పని అయిపోయింది, వచ్చేశాడు" అంది అక్క, దుప్పటి కప్పుకుంటూ. కాసేపాగి, "నాక్కూడా అయిపోయిందిరా. బాధేం లేదు. నువ్వు ఇంకా తిరగాలనుకుంటున్నావని తెలుసు, అందుకే పైకి అనలేదు" అంది.

నాకు తెలుసన్నా, తాళాలు చూశానని చెప్పా. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం ఆ రాత్రి, అమ్మ గురించి, ఆఖరి నెలల గురించి, ఫోన్‌లో నాకు చెప్పకుండా దాచినవాటి గురించి. అవి ఇక్కడ రాయను.

శనివారం

తెల్లవారి ప్రార్థన. చదివే మంత్రాలు జపనీస్ నోటికి మారిపోయిన సంస్కృతం, మధ్యలో "మణి" అన్నది స్పష్టంగా వినపడగానే అక్క నా చెయ్యి గిల్లింది.

తర్వాత ఒకునోయిన్. ఇచినోహషి వంతెన నుంచి కూకై సమాధి దాకా రెండు కిలోమీటర్లు, రెండు పక్కలా ఆకాశానికి అంటే సీడర్ చెట్లు, వాటి కింద రెండు లక్షలకి పైగా సమాధులు, స్మారకాలు. బతికున్నప్పుడు ఒకళ్ళనొకళ్ళు చంపుకున్న సైన్యాధిపతులు ఇక్కడ పక్కపక్కనే ఉన్నారు. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం కట్టించినవి ఉన్నాయి, చెదల మందు కొట్టే సంఘం వాళ్ళు తాము చంపిన చెదల కోసం పెట్టిన రాయి కూడా ఉంది, ఆ రాయి ముందు నాకు నిజంగా చేతులు జోడించాలనిపించింది. చాలా సమాధులు ఒకదాని మీద ఒకటి పేర్చిన అయిదు రాళ్ళు, కింద చతురస్రం, దాని మీద గోళం, ఆ పైన మరో మూడు ఆకారాలు. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. వాటి మీద చెక్కిన అక్షరాలు సంస్కృతం రాసే పాత సిద్ధం లిపిలోవి, అ, వ, ర, హ, ఖ. నాచు పట్టిన ఒక రాయి దగ్గర ఒంగుని నేను అక్షరాలు చూపిస్తుంటే అక్క పంచభూతాలని వేళ్ళ మీద లెక్కపెట్టింది.

835లో కూకై చనిపోలేదు, ధ్యానంలో ఉన్నాడు అని ఇక్కడి నమ్మకం. ఇప్పటికీ రోజుకి రెండుసార్లు ఆయనకి భోజనం తీసుకెళ్తారు. పదిన్నరకి ఇద్దరు భిక్షువులు చెక్క పెట్టె మోసుకుని ముందు ఇంకొకాయన నడుస్తుంటే వెళ్ళారు, దారిలో ఉన్నవాళ్ళంతా పక్కకి జరిగి తల వంచారు. గోబ్యోబషి వంతెన దాటాక ఫోటోలు తీయకూడదు, మాటలు కూడా వాటంతటవే తగ్గిపోతాయి.

ఆ వంతెనకి ముందే నది ఒడ్డున వరసగా జిజో అనే బోధిసత్వుడి విగ్రహాలుంటాయి, పోయినవాళ్ళ కోసం గరిటెతో నీళ్ళు తీసి వాటి మీద పోస్తారు. అక్క అమ్మ కోసం పోసింది. నేనూ పోశా. నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి. గరిటె నా చేతికిచ్చేముందు అక్క మళ్ళీ ముంచి ఇంకోసారి పోసింది, అది నాన్న కోసమంట. అప్పుడు చెప్పింది, "ఆ రోజు క్యోటోలో నేను వెతికింది అమ్మని కాదు రా. అమ్మ మొహం కళ్ళు మూసుకుంటే చాలు కనపడుతుంది. నాన్నది మర్చిపోతున్నా. నాన్న కోసం వెతికా."

నాన్న పోయేసరికి నేను చాలా చిన్నవాణ్ణి, నాకు గుర్తున్నది ఫోటోలో మొహం. దొరికిందా అని అడిగా. "దొరికింది, ముక్కు దగ్గర అచ్చం అలాగే ఉంది" అంది, చెయ్యి తుడుచుకుంటూ.

సాయంత్రానికి ఒసాకా.

ఆదివారం

పనుల రోజు. బట్టలు ఉతుక్కోవడం, సర్దడం, తూకం వేయడం.

రైళ్ళకి వాడిన ఇకోకా కార్డులు తిరిగి ఇచ్చేశాం. ఇది తెలుసుకోండి, వెనక్కిస్తే డిపాజిట్ 500 యెన్లు ఇస్తారు కానీ కార్డులో మిగిలిన బ్యాలెన్స్‌లోంచి 220 యెన్లు కట్ చేస్తారు, అదే బ్యాలెన్స్ సున్నా చేసుకుని ఇస్తే డిపాజిట్ పూర్తిగా వస్తుంది, అందుకని ముందు రోజే ఏదో ఒకటి కొని ఖాళీ చేసేయాలి. చిల్లర నాణేలు కూడా అంతే, మన దేశం వెళ్ళాక వాటిని ఎవరూ మార్చరు.

చిల్లర కోసం మా ఇద్దరికీ ఒకటే పర్సు ఉండేది, అక్క దగ్గర. మంచం మీద బోర్లించింది. చిల్లులున్న 5 యెన్ల నాణేలు, 50 యెన్లవి, ఒక పక్క బ్యోదోఇన్ గుడి బొమ్మ ఉన్న 10 యెన్లవి, అల్యూమినియంతో చేసిన తేలికైన 1 యెన్లవి. లెక్కేసి సగం సగం చేద్దామంటే వద్దంది, 5 యెన్లవన్నీ తను ఉంచుకుని మిగతాది నాకిచ్చింది. గుళ్ళలో హుండీలో వేసేవి అవే, ఎప్పుడూ సరిపడా ఉండేలా చూసుకునేది తనే.

తర్వాత స్టాంపుల పుస్తకం. జపాన్‌లో చాలా స్టేషన్లలో ఒక మూల రబ్బరు స్టాంపు, ఇంకు పెట్టె ఉంటాయి, ఊరికే వేసుకోవచ్చు, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో బొమ్మ. హొక్కైదో నుంచి అక్క ఒక్కటి కూడా వదల్లేదు, రైలుకి టైమ్ అయిపోతున్నా సరే. నేను విసుక్కున్న రోజులున్నాయి. పేజీలు తిప్పుతుంటే ప్రతి స్టాంపు కిందా పెన్సిల్‌తో చిన్నగా ఒక్కో లైన్ రాసి ఉంది. వాన. తమ్ముడికి జలుబు. ముసలావిడ గొడుగు ఇచ్చింది. రైలు లేటు, గార్డు దండం పెట్టాడు. నేను చెప్పిన తేదీల్లో, మీటర్లలో ఒక్కటి కూడా అందులో లేదు. ఈ ట్రిప్‌లో నేను చూడనిది ఎంత ఉందో ఆ పుస్తకం చదివాకే తెలిసింది, ఒక గంట కూర్చుని మొత్తం చదివా.

సోమవారం

నంబా నుంచి రాపిట్ అనే నీలం రైలు నేరుగా కన్సాయ్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తుంది. సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీద 1994లో తెరిచిన ఎయిర్‌పోర్ట్ ఇది, చివర్లో పొడుగాటి వంతెన మీద రెండు పక్కలా నీళ్ళే. మా ఇద్దరి విమానాలూ వేరు. తను ఇంటికి, నేను పని చేసే దేశానికి. తనది ముందు.

కౌంటర్ దగ్గర పని అయ్యాక ఒకచోట కూర్చున్నాం. పెద్ద మాటలేం రాలేదు. మందులు ఏ జేబులో ఉన్నాయి, మధ్యలో విమానం మారేచోట గేట్ ఎలా చూసుకోవాలి, దిగగానే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవే. సెక్యూరిటీ లైన్ దాకా వెళ్ళాక అక్క వెనక్కి తిరిగి, "ఏరా, ఆకులు పైనుంచి కిందకి వస్తాయన్నావు, మరి ఆ పూలో?" అంది.

"చెర్రీ పూలు కిందనుంచి పైకి. క్యూషూలో మార్చి చివర, హొక్కైదోకి వచ్చేసరికి ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో."

"అయితే ఈసారి కిందనుంచి" అని లోపలికి వెళ్ళిపోయింది.

నా విమానానికి ఇంకా చాలా టైమ్ ఉంది. టెర్మినల్ ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచా, కాఫీ తాగా, కౌంటర్‌లో అమ్మాయికి అలవాటు కొద్దీ థాంక్యూ తెలుగులో చెప్పేశా.

అక్క ఇంటికి చేరాక పెట్టిన మొదటి మెసేజ్‌లో బాగానే చేరానని, ఇల్లంతా దుమ్ము ఉందని, స్టాంపుల పుస్తకంలో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయని రాసింది. ముందు మోకాళ్ళ డాక్టర్‌కి చూపించుకో, తర్వాత మాట్లాడదాం అన్నా. అపాయింట్‌మెంట్ తీసుకుందంట, వచ్చే గురువారం.